ఇంటి దగ్గరే కారు బ్యాటరీ మార్చుకోవడం: అనుమానం నుంచి పాతది అప్పగించేదాకా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్ల మాట. బెజవాడ ఎండకు కారు బ్యాటరీ గతీ అంతే, కాకపోతే ఆ పగులు పైకి కనిపించదు. మే నెలలో దెబ్బ తింటుంది, జులైలోనో ఆగస్టులోనో ముసురు పట్టిన ఓ పొద్దున బయటపడుతుంది. తాళం తిప్పుతాం, టక్ మని ఒక చప్పుడు, అంతే.

మాకు అలా బయటపడిన రోజు మా అబ్బాయికి కానూరులో పరీక్ష. మా ఆయన ఊళ్లో లేరు. అబ్బాయిని ఆటో ఎక్కించి పంపి, ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి ఒకతన్ని పిలిపించాను. అతను బానెట్ ఎత్తి నిమిషం కూడా చూడకుండానే "బ్యాటరీ పోయిందమ్మా" అన్నాడు. గంటలో కొత్తది పెట్టి, డబ్బు తీసుకుని వెళ్లాడు. నాలుగు నెలలు తిరక్కుండా మళ్లీ అదే టక్. ఈసారి మా అన్నయ్య వచ్చాడు. ఆయన బ్యాటరీ జోలికే పోలేదు. ఎర్త్ వైరు కారు బాడీకి బిగించి ఉండే చోట బోల్టును వేలితో కదిపితే గిర్రున తిరిగింది. పానాతో బిగించి, "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు" అన్నాడు. ఒక్కసారికే స్టార్ట్ అయింది. అంటే నాలుగు నెలల కిందట నేను పాత సామాను కింద ఇచ్చేసిన బ్యాటరీ బాగానే ఉండి ఉండొచ్చు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత మా కారుకు, అన్నయ్య కారుకు, కింది ఫ్లాట్ పిన్నిగారి కారుకు బ్యాటరీలు నేనే మార్చాను. పని అరగంట. పానా తిప్పడం ఎవరికైనా వస్తుంది. అసలు తెలివంతా రెండు చోట్ల కావాలి. పోయింది నిజంగా బ్యాటరీయేనా అని తేల్చుకోవడం ఒకటి. ఏ వైరు ముందు తీయాలి, ఏది ముందు పెట్టాలి అన్నది రెండోది. ఆ రెండింటి దగ్గర తొందరపడకండి.

మన ఎండకు లోపల జరిగేది

మామూలు కారు బ్యాటరీ అంటే ఆరు గదుల పెట్టె. ఒక్కో గదిలో సీసం పలకలు, వాటిని ముంచి ఉంచే సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఆరూ కలిసి 12.6 వోల్టులు. ఈ అంకె గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. మన దగ్గర బయటే 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, బానెట్ కింద సంగతి చెప్పనక్కర్లేదు. లోపలి నీరు తగ్గిపోతుంది, పలకలను పట్టి ఉంచే సీసపు జల్లెడ తుప్పు పడుతుంది. దానికి తోడు మన తిరుగుడు. పటమట నుంచి బెంజి సర్కిల్ దాటి గవర్నర్‌పేట వెళ్లి వస్తే కొద్ది కిలోమీటర్ల పని. ఆ కాసేపూ ఏసీ, సిగ్నళ్ల దగ్గర ఆగడం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన ఛార్జి తిరిగి నిండకముందే ఇంటికి చేరతాం. ఇలా ఎప్పుడూ అరకొర ఛార్జితో ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడిపోతుంది, ఇక ఎంత ఛార్జి చేసినా కరగదు. అందుకే చలి ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ కాలం వచ్చే బ్యాటరీ మన దగ్గర మూడు నాలుగేళ్లకే చాలిస్తుంది. మీది మూడేళ్లు దాటితే అనుమానపడటంలో తప్పులేదు. ఏడాదిన్నరకే పోయిందని ఎవరైనా అంటే మాత్రం ఇంకొంచెం వెతకండి.

పోయింది బ్యాటరీయేనా?

తాళం తిప్పినప్పుడు డాష్‌బోర్డు లైట్లు మసకబారి, టకటకటక మని వరసగా చప్పుడు వస్తే ఛార్జి లేదని అర్థం. హెడ్‌లైట్లు పసుప్పచ్చగా డల్‌గా వెలగడం, హారన్ గొంతు పూడుకుపోవడం కూడా ఇదే కోవ. లైట్లు ధగధగా వెలుగుతూ ఒకే ఒక్క టక్ వినిపించి ఆగిపోతే సెల్ఫ్ మోటారు దగ్గరో, వైరు లూజు దగ్గరో తేడా ఉండొచ్చు. ఇంజిన్ చక్కగా తిరుగుతూనే అందుకోకపోతే అది బ్యాటరీ గొడవే కాదు.

ముందు చేత్తో చూడండి. కారు ఆపి, తాళం తీసి, రెండు టెర్మినళ్లకు, అంటే బ్యాటరీ మీది ప్లస్, మైనస్ కొమ్ములకు, బిగించిన వైర్ల క్లాంపులను మెల్లగా అటూ ఇటూ తిప్పే ప్రయత్నం చేయండి. కదలకూడదు. కదిలితే ముందు వాటిని బిగించి చూడండి. మైనస్ వైరు వెంట వేలు పోనిస్తూ అది బాడీకి కలిసే బోల్టు దాకా వెళ్లండి. నా డబ్బు పోయింది ఆ బోల్టు దగ్గరే. టెర్మినళ్ల మీద తెల్లగానో నీలం రంగులోనో పొడి పూసి ఉంటే శుభ్రం చేసి చూడండి, అదెలాగో కింద చెప్తాను. ఈ రెండు పనులతోనే చాలా కార్లు లేచి కూర్చుంటాయి.

అప్పటికీ లేవకపోతే మల్టీమీటర్ కావాలి. బీసెంట్ రోడ్డు వైపు ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే మామూలు డిజిటల్ మీటరు కొన్ని వందల్లోనే దొరుకుతుంది. కారున్న ఇంట్లో అది ఉండి తీరాలన్నది నా గట్టి నమ్మకం. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర మొన ప్లస్‌కు, నల్ల మొన మైనస్‌కు ఆనించండి. కారు రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే చూస్తే నిజమైన లెక్క తెలుస్తుంది. ఇప్పుడే తిరిగొచ్చి చూస్తే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువ కనిపిస్తుంది.

12.6 అంతకు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. 11.8 కూడా లేకపోతే ఖాళీ అనుకోండి. అయితే ఖాళీ కావడం వేరు, చెడిపోవడం వేరు. రాత్రి హెడ్‌లైట్లు ఆర్పడం మర్చిపోతే కొత్త బ్యాటరీ కూడా తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. దాన్ని బ్యాటరీ షాపులో ఛార్జింగ్ పెట్టించి, తీసి ఒక రాత్రి అలా ఉంచి మళ్లీ కొలవండి. 12.6 దగ్గర నిలబడితే దానికి ఇంకా ఆయుష్షు ఉంది. మళ్లీ 12.2కు జారితే ఇక దాని పని అయిపోయినట్టే.

ఇంకో పరీక్ష ఉంది, దీనికి ఇంకో మనిషి సాయం కావాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఆ రెండు మూడు సెకన్లలో అంకె 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీకి బరువు లాగే శక్తి లేదు. స్టార్ట్ అయ్యాక అదే మీటరు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. లైట్లు, ఏసీ వేసినా 13 కూడా దాటకపోతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో అనుమానించాలి. మన మెకానిక్కులు దాన్ని డైనమో అంటారు. డైనమో పనిచేయని కారుకు కొత్త బ్యాటరీ పెడితే అదీ రెండు రోజుల్లో పడుకుంటుంది. కొన్ని కొత్త కార్లలో ఛార్జింగును కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి అంకె కాస్త ఊగుతుంది, అన్నీ ఆన్ చేసి చూస్తే తేలిపోతుంది.

ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగానే మైనస్ వైరు పీకి, "చూడండి, ఆగలేదు, డైనమో బాగుంది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంప్యూటర్లు లేని రోజుల్లో చెల్లింది. ఇప్పటి కార్లో ఆ క్షణాన వోల్టేజి ఎగిసిపడితే వేల రూపాయల కంట్రోల్ యూనిట్ కాలిపోవచ్చు. మీ కారు మీద ఎవరినీ అది చేయనివ్వకండి.

బ్యాటరీ పైన చిన్న కన్ను ఉండి ఆకుపచ్చగా కనిపిస్తే బాగుందని నమ్ముతాం. ఆ కన్ను ఆరు గదుల్లో ఒక్క గదినే చూస్తుంది. మిగతా అయిదింటిలో ఏది పోయినా దానికి తెలియదు. మీటరునే నమ్మండి.

వరద నీళ్లు తాకిన కారు సంగతి వేరు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో కార్లు మునిగిపోయాయి. అలాంటి కారుకు తాళం పెట్టి చూడాలని కూడా అనుకోవద్దు, ఇంజిన్‌లోకి నీరు చేరి ఉంటే సెల్ఫ్ కొట్టడంతోనే నాశనం అవుతుంది. నీరు పూర్తిగా తీశాక మైనస్ వైరు ఊడదీసి, సర్వీసు సెంటర్‌కు లాక్కెళ్లే ఏర్పాటు చేసుకోండి.

కొత్తది ఎంచుకోవడం

పాత బ్యాటరీని విప్పకముందే దాని ఫోటోలు తీసుకోండి. పై నుంచి ఒకటి, స్టిక్కరు కనిపించేలా ఒకటి, బిగింపు పట్టీ కనిపించేలా ఒకటి. షాపులో నోటితో చెప్పేదాని కన్నా ఆ ఫోటో బాగా పనికొస్తుంది.

స్టిక్కరు మీద 38బి20ఎల్ లాంటి కోడు ఉంటుంది. ఇందులో 20 అన్నది పొడవు, సెంటీమీటర్లలో సుమారుగా. చివరి అక్షరం ప్లస్ ఏ వైపు ఉందో చెప్తుంది. అది ఎల్ అయితే ఎల్‌యే తీసుకోవాలి, ఆర్ అయితే ఆర్‌యే. ఈ ఒక్క అక్షరం తప్పితే ప్లస్, మైనస్ తారుమారై వైరు అందదు. అందకపోవడమే మంచిది. అందిందని సాగదీసి పెడితే తర్వాత జరిగేది ఊహించుకోలేం. టెర్మినళ్ల లావు కూడా చూడండి. కొన్ని కార్లకు సన్నవి, కొన్నిటికి లావువి ఉంటాయి. సన్న టెర్మినల్‌కు లావు క్లాంపు పెట్టి మధ్యలో రేకు ముక్క దూర్చి ఇచ్చేవాళ్లుంటారు, ఒప్పుకోవద్దు.

సామర్థ్యం ఆంపియర్ అవర్లలో రాసి ఉంటుంది. చిన్న పెట్రోలు కార్లకు 35 దగ్గర, పెద్ద డీజిలు కార్లకు 60 పైన. కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. ట్రేలో పట్టేటట్టయితే కాస్త ఎక్కువ ఉన్నా నష్టం లేదు.

సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ తనంతట తానే ఆగి, క్లచ్ తొక్కగానే లేచే కారు మీకుంటే మాత్రం మామూలు బ్యాటరీ తీసుకోకూడదు. రోజుకు ఎన్నోసార్లు స్టార్ట్ అయ్యే పనికి దాని పలకలు తట్టుకోలేవు. అలాంటి కార్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అని రాసి ఉన్నవి ఉంటాయి. పాతదాని మీద ఏముందో అదే తీసుకోండి. ధర ఎక్కువని కిందికి దిగవద్దు.

ఆటోనగర్‌లో బ్యాటరీ షాపులకు కొదవ లేదు. ఆమరాన్ అయితే మన రాష్ట్రంలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారవుతుంది. ఎక్సైడ్, ఇంకా మరికొన్ని కూడా అన్ని షాపుల్లో దొరుకుతాయి. బ్రాండు కన్నా నేను పట్టి పట్టి చూసేది తయారీ నెల. షెల్ఫ్ మీద ఊరికే కూర్చున్నా బ్యాటరీ తనంతట తాను ఖాళీ అవుతూనే ఉంటుంది, అది కూడా మన ఎండలో త్వరగా. మూడు నెలల లోపుదైతే సంతోషం, ఆరు నెలలు దాటితే వేరేది అడగండి. పెట్టె మీద నెల, ఏడాది కోడు రూపంలో ఉంటే దాన్ని చదివి చెప్పమని షాపతన్నే అడగండి. "అన్నా, మీటరు పెట్టి చూపించవా" అని కూడా అడగండి. 12.5 కన్నా తక్కువ ఉంటే తీసుకోకండి. ఇలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు, నా అనుభవంలో మర్యాద ఇంకాస్త పెరుగుతుంది.

వారంటీలో రెండు భాగాలుంటాయి. 24, 24 అని రాస్తే మొదటి 24 నెలలు ఉచితంగా మార్చిస్తారు, తర్వాతి 24 నెలల్లో వాడిన కాలాన్ని బట్టి రాయితీ ఇస్తారు. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు, తేదీ రాయించుకోండి. పాతది ఇస్తే బిల్లులో ఎంత తగ్గిస్తారో ముందే మాట్లాడుకోండి.

ఈ పని ఇంట్లో వద్దనేది ఎవరికి

ఖరీదైన జర్మన్ కార్లలో కొన్నిటికి కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి కారు కంప్యూటర్‌కు స్కానర్‌తో చెప్పాలి, లేకపోతే ఛార్జింగు పాత లెక్కలోనే చేస్తుంది. అలాంటి కార్లున్నవాళ్లు సర్వీసు సెంటర్‌కే వెళ్లడం మేలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్ల దరిదాపులకు పోకండి, అది ప్రాణాపాయం. బ్యాటరీ సీటు కిందో డిక్కీలోనో ఉన్న కారు అయితే మాన్యువల్ చదివాకే మొదలుపెట్టండి.

కావాల్సినవి

పదో నంబరు పానా ఒకటి తప్పనిసరి. ఎక్కువ కార్లలో రెండు క్లాంపులూ దానితోనే ఊడతాయి. బిగింపు పట్టీకి కొన్నిటిలో 12 లేదా 13 కావాలి, లోతుగా ఉంటే గొట్టం పానా. రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, పాత నూలు గుడ్డలు రెండు, అరిగిపోయిన టూత్ బ్రష్, వంట సోడా, వేడి నీళ్లు, వ్యాజిలీన్ డబ్బా, గరుకు కాగితం ముక్క. ఇవన్నీ ఇంట్లో ఉన్నవే.

చేతి ఉంగరాలు, వాచీ, లోహపు గాజులు, వేలాడే గొలుసు అన్నీ తీసి పక్కన పెట్టండి. ఉంగరం ప్లస్‌కూ బాడీకీ మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టేస్తుంది. నేను మట్టి గాజులు కూడా తీసేస్తాను, ఇరుకులో పగిలితే గుచ్చుకుంటాయని. చున్నీ, పైట నడుముకు బిగించుకోండి.

బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. దగ్గరలో సిగరెట్ గానీ అగరుబత్తి గానీ ఉండకూడదు. సెల్లార్ మూసుకుపోయినట్టుంటే కారును బయటకు తోయించండి. ఆమ్లం చర్మం మీద పడితే కుళాయి కింద ధారగా నీళ్లు పోసి కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

విప్పడం

పొద్దున ఏడు లోపు మొదలుపెడితే హాయి. చల్లగా ఉంటుంది, ఇంజినూ చల్లగా ఉంటుంది.

1. కారు సమంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, అన్ని లైట్లూ ఏసీ ఆపేయండి. ఒక కిటికీ అద్దం దించండి, తాళం జేబులో వేసుకోండి. కరెంటు పోయాక తలుపులు లాక్ పడితే లోపల తాళం ఉండిపోకూడదు. కొన్ని కార్లలో ఆడియో సిస్టమ్‌కు కోడు ఉంటుంది, అది ఎక్కడ రాసి ఉందో ముందే చూసుకోండి. అయిదు పది నిమిషాలు ఆగండి, కంప్యూటర్ పూర్తిగా నిద్రపోవాలి.

2. ముందు మైనస్. నల్ల వైరు, బ్యాటరీ మీద అడ్డగీత గుర్తు. నట్టును వదులు చేసి, క్లాంపును మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో సుత్తితో కొట్టకండి, టెర్మినల్ మొదట్లో చీలిక వస్తుంది. నట్టు ఇంకొంచెం వదులు చేసి క్లాంపు నోరు తెరవండి. వచ్చాక దాన్ని పొడి గుడ్డతో చుట్టి పక్కకు వంచండి, తిరిగి టెర్మినల్ మీదకు రాకుండా. మైనస్ వైరుకు చిన్న ప్లాస్టిక్ డబ్బా లాంటి సెన్సర్ ఉంటే దాన్ని పట్టి లాగకండి.

మైనస్ ఎందుకు ముందంటే, కారు బాడీ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది. ముందు ప్లస్ విప్పుతున్నారనుకోండి, పానా ఒక చివర ప్లస్ నట్టు మీద ఉంది, రెండో చివర పొరపాటున బానెట్ అంచుకో ఫెండర్‌కో తగిలింది. ప్లస్ నేరుగా మైనస్‌ను తాకినట్టే. వందల ఆంపియర్లు ఒక్కసారిగా పానాలోంచి పోతాయి. మెరుపు, పానా అతుక్కుపోవడం, కాలడం, కొన్నిసార్లు పేలడం. మైనస్ ముందే తీసేశారంటే బాడీకి బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. అప్పుడు ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలినా ఏమీ కాదు, బ్యాటరీ మీది మైనస్ టెర్మినల్‌కు మాత్రం తగలకూడదు. కారణం తెలిస్తే వరస దానంతట అదే గుర్తుంటుంది.

3. తర్వాత ప్లస్. ఎర్ర మూత తెరిచి, అలాగే విప్పండి. కొన్ని కార్లలో ఈ క్లాంపు మీదే ఫ్యూజుల పెట్టె ఉంటుంది, పగలకుండా మొత్తంగా ఎత్తి పక్కన పెట్టాలి.

4. బిగింపు పట్టీ. దీని నట్లు తుప్పు పట్టి మొండికేస్తాయి. రెండు చుక్కల నూనె వేసి పది నిమిషాలు ఆగితే వస్తాయి. కింద పడిన నట్టు ఇంజిన్ సందుల్లోకి పోతే వెతకడం మహా కష్టం, కాబట్టి కింద గుడ్డ పరుచుకోండి.

5. ఎత్తడం. చిన్న బ్యాటరీయే పది కిలోల దాకా ఉంటుంది, డీజిలుది పదిహేను దాటొచ్చు. నడుం వంచి చేతులు చాచి లాగకండి. కారుకు దగ్గరగా నిలబడి, రెండు చేతులతో నిటారుగా పైకి ఎత్తి ఒంటికి దగ్గరగా తెచ్చుకోండి. పక్కకు వంచితే ఆమ్లం కారవచ్చు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ ఒక్క పనికి వాచ్‌మన్‌నో పక్కింటి కుర్రాణ్నో పిలవండి.

దించి నేల మీద పెట్టొచ్చు. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందని మా మామయ్యగారు చెక్క పలక వేయించేవారు. పూర్వం పెట్టెలు చెక్కతో, రబ్బరుతో చేసినప్పటి మాట అది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు ఆ భయం లేదు.

తుప్పు కడగడం

దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం ఈ పనే ఇష్టం. కప్పు వేడి నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలపండి. నీలం ఆకుపచ్చ మధ్య రంగులో ముద్దలా పేరుకున్న క్లాంపు మీద ఆ నీళ్లు పోస్తే ముందు ఏమీ కాదు. రెండు క్షణాలాగి సన్నగా సుయ్ మంటుంది, తర్వాత బుడబుడ నురగ పొంగుతుంది. ఆమ్లాన్ని సోడా తింటోందన్నమాట. నురగ ఆగాక బ్రష్‌తో రుద్ది మళ్లీ పోయండి. మళ్లీ పొంగితే ఇంకా మిగిలి ఉంది. పోసినా చడీచప్పుడూ లేకపోతే అయిపోయింది. అప్పుడు మామూలు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, క్లాంపు లోపలి వైపు గరుకు కాగితంతో రుద్దండి. నల్లగా ఉన్న లోహం మెరిసేదాకా రుద్దాలి, కరెంటు పోయేది ఆ మెరుపు గుండానే. ట్రే కూడా ఇలాగే కడిగి ఆరనివ్వండి.

కూల్ డ్రింకు పోస్తే పోతుందని వీడియోల్లో చూపిస్తారు. పోతుంది కానీ అది కూడా ఆమ్లమే, పైగా జిగురు మిగిలి చీమలు పడతాయి. వైరు లోపలి రాగి తీగలు కూడా ఆకుపచ్చగా మారి పొడిపొడిగా రాలుతుంటే కడిగి లాభం లేదు, క్లాంపుతో సహా వైరు మార్పించండి.

కొత్తది పెట్టడం

టెర్మినళ్ల మీది ప్లాస్టిక్ టోపీలు ఇప్పుడే తీయకండి. ట్రేలో దించి, పాత ఫోటోతో పోల్చి ప్లస్ సరైన వైపు ఉందో లేదో చూడండి. ఇంట్లో ఇంకెవరినైనా పిలిచి ఒకసారి చూపించండి. రెండో జత కళ్లకు కనిపించేది మనకు కనిపించదు. తారుమారుగా కలిపితే పెద్ద ఫ్యూజులు, డైనమోలోని డయోడ్లు, కంట్రోల్ యూనిట్లు ఒక్క దెబ్బకు పోతాయి.

ముందు బిగింపు పట్టీ వేయండి. చేత్తో ఊపితే కారు ఊగాలి కానీ బ్యాటరీ కదలకూడదు. మన గుంతల రోడ్ల మీద వదులుగా ఉన్న బ్యాటరీ లోపలి పలకలు అదురుకే విడిపోతాయి. తర్వాత టోపీలు తీసి, వరస తిరగేయండి: ఇప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారణం అదే. క్లాంపును టెర్మినల్ అడుగుదాకా దించి బిగించండి. చేత్తో తిప్పితే కదలనంత బిగువు చాలు, సీసం మెత్తనిది కాబట్టి పానా చివర బలమంతా పెడితే నలిగిపోతుంది. మైనస్ పెట్టేటప్పుడు చిటుక్కున చిన్న మెరుపు రావచ్చు, కంగారు పడకండి. పెద్ద మెరుపు వస్తే లోపల ఏదో ఆన్‌లో ఉంది, తీసి చూడండి.

బిగించాక పైన వ్యాజిలీన్ పల్చగా పూయండి. బిగించకముందు క్లాంపు లోపల పూయవద్దు. ఎర్ర మూత మూసి, పానాలు ఎన్ని తెచ్చారో అన్నీ ఉన్నాయా అని లెక్క పెట్టుకుని, అప్పుడు బానెట్ దించండి.

స్టార్ట్ చేశాక

మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు తేడా చెవికే తెలుస్తుంది. ఇంజిన్ కాసేపు ఎక్కువ తక్కువలుగా తిరగొచ్చు, కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటోంది, కొద్ది కిలోమీటర్లలో సర్దుకుంటుంది. గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాలి. అద్దం ఒక్క నొక్కుకే పూర్తిగా ఎక్కడం మానేస్తే, బటన్ లాగి అద్దం పైకి చేరాక కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచండి, చాలా కార్లలో అలా సరిపోతుంది. మీటరు పెట్టి 13.8 పైన వస్తోందో లేదో చూసి, కనకదుర్గ వారధి దాటి మంగళగిరి దాకా ఒకసారి ఆగకుండా వెళ్లి రండి. షెల్ఫ్ మీద తగ్గిన ఛార్జి నిండడానికి ఆ హైవే ప్రయాణం ఎంతో మంచిది.

పెట్టిన తేదీని పెయింట్ పెన్నుతో బ్యాటరీ మీదే రాయండి. మర్నాడు పొద్దున తాళం తిప్పకముందు ఒకసారి కొలవండి. 12.6 దగ్గర ఉంటే దిగులు లేదు. రాత్రికి రాత్రి బాగా పడిపోతే కారు ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది. తర్వాత పెట్టించుకున్న డాష్ కెమెరా, ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి ముందు అనుమానించండి. ఆగి ఉన్న కారు లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి.

పాతదాన్ని ఏం చేయాలి

మెట్ల కింద పెట్టి మర్చిపోకండి, వీధిలో కేకేస్తూ వచ్చే పాత సామాన్ల అతనికి అమ్మకండి. లోపలిది సీసం, ఆమ్లం. ఊరి చివర పగలగొట్టి కరిగిస్తే ఆ పొగ పిల్లల ఒంట్లోకి, ఆ ఆమ్లం కాలవల్లోకి పోతుంది. మన కాలవల నీళ్లు ఎంతమంది తాగుతున్నారో మనకు తెలుసు. వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత కంపెనీలదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. కొత్తది కొన్న షాపుకే ఇచ్చేయండి, బిల్లులో తగ్గింపూ వస్తుంది. తీసుకెళ్లేటప్పుడు టెర్మినళ్లకు కొత్తదాని ప్లాస్టిక్ టోపీలు పెట్టి, పాత టబ్బులో నిటారుగా నిలబెట్టి, పక్కలకు గుడ్డలు కుక్కి కారు డిక్కీలో పెట్టండి. పడుకోబెట్టకండి. షాపతను తీసుకున్నట్టు బిల్లు మీద రాయించుకుని, ఆ బిల్లును వారంటీ కార్డుతో కలిపి కారు కాగితాల కవర్లోనే ఉంచండి.